రత్నం ఆమేన్ అనేదాకా

మా తమ్ముడు రత్నానికి ఎలుకల దగ్గర ఉద్యోగం దొరికిందని తెలిసినప్పుడు రాయ్‌పుర్ రైల్వే కాలనీలో నవ్వనివాళ్లు లేరు. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు కావలసిన మనిషి, నలభై దాటాక తెల్ల ఎలుకల బోనుల్లో రంపపు పొట్టు మార్చడానికి వెళ్తున్నాడు.

"ఏం సుశీలా, మీ తమ్ముడు ఎలుకల కలెక్టరంట గదా!" అంది ఎదురింటి పార్వతమ్మ, కొళాయి దగ్గర అందరూ వినేలా.

"అవునమ్మా. నీకేదైనా అర్జీ ఉంటే ఇయ్యి, పెట్టిస్తాను" అన్నాను.

పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని గేటు దాటి పనికి వెళ్లే మనిషి ఇంట్లో ఉండడం ఎంత గొప్పో వాళ్లకేం తెలుసు? వెళ్లిన మనిషి సాయంత్రానికి తిరిగి రావడం ఇంకా గొప్ప.

రత్నం ఒకసారి తిరిగి రాలేదు. అప్రెంటిసుగా చేరిన కొత్తలో వాడికి ఎవరివో గొంతులు వినిపించడం మొదలైంది. ఒక సాయంత్రం ఇంటివైపు తిరగాల్సిన వాడు తిరగకుండా అలాగే నడిచి వెళ్లిపోయాడు. ఊరికి దూరంగా ధర్సీవా దాటాక, చెప్పులు లేకుండా పోతున్నవాణ్ణి లారీవాళ్లు ఆపి కూర్చోబెట్టారు. ఆ తరవాత రాంచీ మానసిక ఆసుపత్రిలో వైద్యం. అక్కణ్ణించి వచ్చిన దగ్గరనుంచి నెలనెలా సూది. గొంతులు పోయాయి. ఆ సూది లేకపోతే మాకు రత్నం లేడు, అది ఒప్పుకోవాలి. కానీ గొంతులతోపాటు వాడి నవ్వూ పోయింది. నడుస్తుంటే చేతులు ఊగవు. కుర్చీలో కూర్చుంటే ఎవరో లేపేదాకా అక్కడే. టీ గ్లాసు ఎత్తితే సగం చొక్కా మీద పడుతుంది. లోపల మనిషి ఉన్నాడు, బయటికి రావడానికి దారి బిగుసుకుపోయింది.

ఆ ఉద్యోగం ఇప్పించింది నా కూతురు విజయకుమారి. భన్‌పురి దారిలో ఉన్న ఫార్మసీ కాలేజీలో అది అప్పుడు పరిశోధన చేస్తోంది. తొంభై ఆరో సంవత్సరం. మా ఆయన అబ్రహాం పోయి అప్పటికి చాలాకాలమైంది. ఆయన పింఛనుతో, మొండితనంతో చదివిన పిల్ల అది.

"మామయ్యా, నీ మందు మెదడులో చేయాల్సిన పని చేస్తోంది. కానీ పక్కనున్న పనిని కూడా పాడుచేస్తోంది" అని రత్నానికి చెప్పింది. "మొదటిది చేసి రెండోదాని జోలికి పోని మందు కావాలి. పై అంతస్తులో కెమిస్ట్రీవాళ్లు కొత్త కొత్తవి తయారుచేసి పంపిస్తారు. కింద మేం ఎలుకల మీద చూస్తాం. ఎలుకల దగ్గర తేలితేనే మనిషి దాకా పోయే దారి తెరుచుకుంటుంది."

రత్నం, "ఎలుకలకి అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు.

అలా చేరాడు.

మధ్యాహ్నం నేను వేడి అన్నం క్యారియర్లో పెట్టుకుని టెంపో ఎక్కి వెళ్లేదాన్ని. అన్నం ఒక వంక. వాడు అక్కడే ఉన్నాడో లేడో చూసుకోవడం అసలు పని. ముగ్గురం వరండాలో కూర్చునేవాళ్లం. మా ఇంట్లో అన్నానికి ముందు ప్రార్థన రత్నమే చేయాలి, మా నాన్న ఉన్నప్పటినుంచీ అంతే. ప్రార్థన ముగించి వాడు ఆమేన్ అనేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. సూదులు మొదలయ్యాక వాడి మాట నెమ్మదించింది, ప్రార్థన పొడుగయింది. 

"మామయ్యా, ప్రభువు విన్నాడులే. పప్పుచారు చల్లారిపోతోంది" అనేది విజయ. రత్నం కళ్లు తెరవకుండానే, "ఇంకా ఉందమ్మా" అనేవాడు.

ఒకరోజు విజయ పరీక్ష ఎలా చేస్తారో చూపించింది. చెక్క దిమ్మ మీద అడ్డంగా బిగించిన సన్నటి ఇనుప కడ్డీ. విజయ ఎలుక ముందుకాళ్లు రెండూ ఎత్తి ఆ కడ్డీ మీద ఆనించి వదిలేస్తుంది, చేతిలో గడియారం నొక్కుతుంది. ఉత్త ఉప్పునీళ్ల సూది వేసిన ఎలుక, ఇదేం ఆసనం అన్నట్టు వెంటనే దిగిపోయింది. పాత మందు వేసినది దిగలేదు. మీసాలు మాత్రం కదుపుతూ, కాళ్లు కడ్డీ మీద పెట్టుకుని, పెట్టినచోటే ఉండిపోయింది.

రత్నం తలుపు దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"అది నేనేనక్కా" అన్నాడు.

నేను చూపు తిప్పేసుకున్నాను. విజయ మాత్రం తొణకలేదు. "అవును మామయ్యా. నీకు వేసే రకం మందే దానికీ వేశాం. ఇప్పుడు దీన్ని చూడు" అని మూడో ఎలుకను కడ్డీ మీద పెట్టింది. అది జారి కిందికి దిగి, మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. "దీనికి వేసింది కొత్తది, ఇరవైమూడో నంబరు. ఎలుకలకి పిచ్చిపరుగు పట్టించే మందు ఒకటుంది. అది ఇచ్చి, ఆ పైన ఇరవైమూడు ఇస్తే పరుగు తగ్గింది. అంటే పని చేస్తోంది. ఇక్కడ చూస్తే బిగించట్లేదు. ఇప్పుడు వారాల తరబడి రోజూ ఇచ్చి చూడాలి. అప్పుడు కూడా ఇలాగే దిగితే గెలిచినట్టే."

"ఇరవైమూడు ఏ బోనువాళ్లకి?" అని అడిగాడు రత్నం.

"పసుపు చీటీ ఉన్నవాటికి. ఎర్ర చీటీవి నీ మందు. తెల్ల చీటీవి ఉప్పునీళ్లు."

అడిగింది మేనమామ. ఇన్నేళ్లు ఆ సూది ఒంట్లోకి వేయించుకున్న మనిషి. చెప్పకుండా ఎలా ఉంటుంది?

ఆ రోజునుంచి రత్నంలో హుషారు వచ్చింది. హుషారంటే వాడి మొహంలో కనిపించేది కాదు. నేను లేపకముందే లేచేవాడు. దారిలో బండి దగ్గర ముర్రా కొనేవాడు. మన మరమరాలనే ఇక్కడివాళ్లు ముర్రా అంటారు. జేబులో పోసుకుని వెళ్లి, ఖాళీ జేబుతో వచ్చేవాడు.

"నువ్వే తింటున్నావా, ఎలుకలకి లంచం ఇస్తున్నావా?" అన్నాను ఒకసారి.

"పసుపువాళ్లు బాగున్నారక్కా" అన్నాడు. అది జవాబని నాకు అప్పుడు తట్టలేదు.

కొన్ని వారాలు గడిచాక విజయ ఇంట్లో మాట తగ్గించింది. రత్నం పడుకున్నాక వంటింట్లోకి వచ్చి, గట్టుకి ఆనుకుని నిలబడి చెప్పింది. పసుపు చీటీ ఎలుకలు కడ్డీ దిగడం మానేశాయి.

"మొదట్లో బాగా దిగేవి కదే?"

"దిగేవి. రానురాను నిలబడిపోతున్నాయి. ఎర్ర చీటీవాటికన్నా కదలకుండా ఉంటున్నాయి కొన్ని. మందు ఒంట్లో పేరుకుంటోందంటున్నారు మా గైడు చంద్రాకర్ సారు. 'రోజూ ఇస్తే ఇదీ పాతదాని దారే పట్టింది బేటీ, సోమవారం మీటింగులో ఇరవైమూడుని తీసేద్దాం' అన్నారు."

"తీసేస్తే?"

"అది అయిపోయినట్టే. మళ్లీ ఎవరూ దాన్ని ముట్టుకోరు. నేను ఇంకో నంబరుతో మొదటికి రావాలి." చెంబులో నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది. "కానీ అమ్మా, నా మనసు ఒప్పుకోవట్లేదు. అవే ఎలుకలు బోనులో చకచకా తిరుగుతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎర్ర చీటీవి అలా తిరగవు. తిరిగే ఎలుక కడ్డీ మీద పెట్టగానే రాయి అయిపోవడం ఏంటి? ఏదో చూడాల్సింది చూడట్లేదు నేను. సోమవారంలోపు చూస్తాను."

ఏడుస్తూ చెబుతుందేమోనని భయపడ్డాను. అది లెక్క తప్పిన దుకాణదారులా చిరాగ్గా ఉందంతే. భయమంతా నాకే. "మామయ్యకి చెప్పకే" అన్నాను. వాడు దేనికైనా బాగా నొచ్చుకుంటే మళ్లీ ఎటైనా నడిచి వెళ్లిపోతాడని నా దిగులు. వాడి చెప్పులు గుమ్మంలో ఉన్నాయో లేదో రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటానో నాకే తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక రత్నం సరాసరి కాలేజీకి బయల్దేరాడు. ఎలుకలకి ఆదివారం సెలవు లేదని వాడి మాట. విజయ కూడా వస్తానంది. నేనొక్కదాన్నే ఇంటికి పోయి ఏం చేస్తాను? చర్చి చీరలోనే వాళ్ల వెంట వెళ్లాను. 

ఎలుకల గదిలో ఎవరూ లేరు. విజయ తాళం తీసి, నీళ్ల సీసాలు నింపడానికి పక్కగదిలోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. రత్నం బోనులన్నీ శుభ్రం చేశాడు, అన్నిటికీ మేత వేశాడు. అంతా అయ్యాక పసుపు చీటీ ఉన్న బోను మూత తీసి, ఒక ఎలుకను మెల్లగా ఎత్తి, దాని ముందుకాళ్లు రెండూ బోను అంచు మీద ఆనించాడు. వణికే చెయ్యి తీసుకెళ్లి దాని తల మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ చిన్న ప్రాణి కాళ్లు బిగిసిపోనియ్యకు. దీని ఒంట్లో మందు మంచిపనే చేసేలా చూడు. దీన్ని చూసి మిగతావాళ్లకి కూడా దారి దొరకాలి..."

మా పాస్టరుగారు రోగుల తల మీద చెయ్యి పెట్టి చేసే ప్రార్థనే అది. మధ్యలో చెయ్యి తీసి, వేళ్లతో జేబులో మరమరాలు వెతుక్కున్నాడు. చెయ్యి తీసినా ఎలుక కదల్లేదు. రెండు కాళ్లూ అంచు మీద పెట్టుకుని, మా ఇంట్లో కంచం ముందు కూర్చున్న పిల్లల్లా అలాగే ఉంది.

"...యేసు నామంలో వేడుకుంటున్నాను తండ్రీ, ఆమేన్."

ఆ మాట వినిపించిందో లేదో, ఎలుక చటుక్కున దిగి వాడి అరచేతిలోకి వచ్చి మరమరం అందుకుంది.

నాకు నవ్వాగలేదు. "నీ ఎలుకలు మనకన్నా భక్తిపరుల్లా ఉన్నాయిరా!" అన్నాను.

వెనకాల ఏదో కిందపడి పగిలింది. విజయ చేతిలోంచి జారిన నీళ్ల సీసా.

"మామయ్యా," అంది, గొంతు చాలా మామూలుగా పెట్టి. "రోజూ ఇలాగే చేస్తావా?"

"రోజూ."

"అన్ని బోనులకీనా?"

"లేదమ్మా. పసుపువాళ్లకే." తప్పు చేసిన పిల్లాడిలా చూశాడు. "ఈ మందు గెలవాలి కదా."

విజయ గాజుపెంకుల మీదుగా దాటి వచ్చి ఒక పసుపు ఎలుకను అందుకుంది. పరీక్ష గదిలోకి తీసుకెళ్లి కడ్డీ మీద పెట్టింది. మేమిద్దరం వెనకాలే వెళ్లాం. ఎలుక నిలబడిపోయింది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. అది దిగలేదు.

"ఇప్పుడు చెప్పు మామయ్యా, ఆ మాట."

"ఏ మాట?"

"ప్రార్థన చివర్లో చెప్పేది."

రత్నం నా వైపు చూశాడు. "ఆమేన్" అన్నాడు.

ఎలుక దిగి బల్ల మీద పరుగెత్తుకుంటూ వాడి దగ్గరికి వచ్చింది. విజయ వెళ్లి ఎర్ర చీటీ బోనులోంచి ఇంకొకదాన్ని తెచ్చి కడ్డీ మీద పెట్టింది. రత్నం ఆమేన్ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. అది మీసాలు కదిపింది, అంతే.

విజయ గట్టిగా నవ్వింది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "ఆ ఎర్రదానికి కాళ్లు రావట్లేదమ్మా. ఈ పసుపువి రాక కాదు, మామయ్య ఆమేన్ అనలేదని ఆగుతున్నాయి! నేను కడ్డీ మీద పెట్టిన ప్రతిసారీ ప్రార్థన అనుకున్నాయి ఇవి!"

నేను నవ్వబోయి రత్నాన్ని చూసి ఆగాను. వాడికి అర్థమైంది. వాడి బుర్ర ఎప్పుడూ మంచిదే. "నావల్ల పాడైందా?" అన్నాడు. అని, తలుపువైపు తిరిగి నడిచాడు.

నా ప్రాణం పోయింది. కుచ్చిళ్లు పట్టుకుని వెనకాల పరుగెత్తాను. వరండా దాటాడు, మెట్లు దిగాడు, గేటు దగ్గరికి వెళ్లాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. అటు రోడ్డు మీద లారీలు ధర్సీవా వైపు పోతున్నాయి. 

"రత్నం" అన్నాను.

"పోవట్లేదక్కా" అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "బయటికి వచ్చి ఊపిరి పీల్చుకుంటున్నా. రేపు సారుకి నేనే చెప్తాను."

మర్నాడు పొద్దున్న చంద్రాకర్ సారు గదిలో మేం ముగ్గురం ఉన్నాం. నన్ను రావద్దన్నా వెళ్లాను. రత్నం హిందీలో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుని చెప్పాడు. సారు కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"అరే భాయ్, ఇదేంటి! థీసిస్‌లో ఏమని రాయించను? ఎలుకలు ప్రార్థనలో ఉన్నందువల్ల దిగలేదనా?" తరవాత మొహం గట్టిపడింది. "ఠీక్ హై. ఇరవైమూడుని ఇవాళ తీసెయ్యం. కొత్త ఎలుకలతో మొదటినుంచి మళ్లీ చేద్దాం. కానీ రత్నంజీ ఇక ఎలుకల గదిలోకి రాకూడదు."

రత్నం తల ఊపాడు. వాడు దేనికైనా తల ఊపుతాడు. ఆ గది లేకపోతే వాడికి పొద్దున్నే లేవడానికి ఏముంది?

"లేదు సర్" అంది విజయ. "తప్పు నాది. ఏ రంగు ఏ మందో ఆయనకి చెప్పింది నేను. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు, అందుకే ఇలా జరిగింది. ఈసారి రంగులు మీరే పెట్టండి. దేనికి ఏ మందో మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు, నాకు కూడా. మందు మీరు కలిపి సిరంజిలో ఇవ్వండి, నేను వేస్తాను. బోనులు మామయ్యే చూస్తారు. అన్నిటికీ ఒకే చెయ్యి, ఒకేలా. అంతకన్నా నెమ్మదైన చెయ్యి మీకు రాయ్‌పుర్‌లో దొరకదు. వీటిని ఎత్తితే ఒక్కటీ కరవదు, బెదరదు. బెదిరిన ఎలుకతో పరీక్ష పనికిరాదని నాకు నేర్పింది మీరే."

సారు విజయని చూశారు. దాని చూపు దిగలేదు. "ముర్రా ఉండకూడదు" అన్నారు చివరికి.

"ఉండదు."

"అంచు మీద కాళ్లు పెట్టించకూడదు."

"పెట్టించం."

రత్నం నెమ్మదిగా చెయ్యెత్తాడు, బళ్లో పిల్లాడిలా. "సార్, మరి ఎవరి కోసం ప్రార్థన చెయ్యను? ఏ బోనో తెలియదు కదా."

సారు నవ్వారు. "సబ్ కే లియే కరో భాయ్. అందరి కోసం చెయ్యి. తలుపు దగ్గర నిలబడి చెయ్యి. అందరికీ సమానంగా అందితే నా పరీక్షకి ఏ అడ్డూ లేదు."

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి చీటీలు నీలం, ఆకుపచ్చ, గులాబీ. రత్నం మరమరాలు కొనడం మానేశాడు. రోజూ పొద్దున్న ఎలుకల గది గుమ్మంలో నిలబడి, ఎవరి పేరూ ఎత్తకుండా ప్రార్థన చేసేవాడు. అలా చేయడం కష్టంగా ఉందక్కా అన్నాడొకసారి. ఎవరు గెలవాలో చెప్పకుండా అడగడం వాడికి కొత్త. పాత పసుపు చీటీ ఎలుకల్ని పరీక్షకి వాడకూడదు గనక, వాటిని ఏం చేయాలో తేలేదాకా మూలనున్న అరలో ఉంచారు. పరీక్ష అయిపోయిన ఎలుకల్ని చివరికి ఏం చేస్తారో విజయ వాడికి దాచకుండా చెప్పింది. వాడు అది విన్నాక ఆ అరలో నీళ్లు రోజుకి రెండుసార్లు మార్చడం మొదలుపెట్టాడు.

వారాల తరవాత, ఆఖరి పరీక్షరోజు నేను వంట త్వరగా ముగించి వెళ్లాను. పరీక్ష గదిలో ఒక మూల సారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రత్నం ఒక్కొక్క ఎలుకనీ తెచ్చి ఇస్తున్నాడు, విజయ కడ్డీ మీద పెడుతోంది. ఆకుపచ్చవి పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. ఆ రంగు ఇరవైమూడుదైతే?

నీలంవి దిగాయి. గులాబీవి కూడా దిగాయి. ఒకటి కడ్డీ మీద కాలు ఆనీ ఆనకముందే దూకింది. రత్నం పెదాలు బిగపట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. నోరు తెరిస్తే ఆ మాట ఎక్కడ జారిపోతుందోనని వాడి భయం. ఈ ఎలుకలకి ఆ మాటతో పనిలేదని తెలిసినా.

ఆఖరి ఎలుక దిగాక విజయ గడియారం బల్ల మీద పెట్టింది. "చెప్పండి సర్."

సారు లేచారు. "ఆకుపచ్చది పాత మందు. నీలం ఉప్పునీళ్లు." ఆగి రత్నం వైపు తిరిగారు. "గులాబీ, ఇరవైమూడు."

విజయ కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద చాపింది.

"ఇంకా చాలా దూరం ఉంది" అన్నారు సారు. "ఇంకో జంతువు, ఇంకో కాలేజీ, ఆ తరవాత మనుషులు. ఏళ్లు పడుతుంది. ఈ మందు నీ దాకా రాకపోవచ్చు రత్నంజీ."

"మాలూమ్ హై సార్, తెలుసు" అన్నాడు రత్నం. "నా తరవాతవాడికి వస్తుంది."

"మరి ఆ ఒక్క మాట ఇంకా నోట్లోనే బిగపట్టావేం? అయిపోయింది. ఇప్పుడు చెప్పొచ్చు" అన్నారు సారు.

రత్నం గోడనుంచి కదిలాడు. చెప్పడానికి వాడికి ఎప్పటిలాగే కాస్త సమయం పట్టింది. మేం ముగ్గురం ఆగాం.

"ఆమేన్" అన్నాడు.

పక్కగదిలో, మూల అరలో, గరగరమని చప్పుడైంది. తలుపులోంచి తొంగిచూశాను. పాత పసుపు చీటీ ఎలుకలన్నీ బోను ముందుకి వచ్చి, ఊచల్లోంచి ముక్కులు బయటపెట్టి, వాడి చేతికోసం చూస్తున్నాయి. 

"అక్కా, క్యారియర్ పక్కన పెట్టి వెళ్లి ముర్రా పట్రా" అన్నాడు రత్నం. "ఇవాళ వీటికి పెట్టాక మనం తిందాం."